కాల్చిన గుమ్మడికాయ సూప్ పల్చగా, చప్పగా ఎందుకొస్తుంది?

మీరు రాసింది, పంపిన ట్రే ఫొటో చూస్తే నాకు అర్థమైనంతలో ఇదీ. ఒకటిన్నర కిలోల బటర్‌నట్ గుమ్మడికాయ తెచ్చి, తొక్క తీసి, ముక్కలు కోసి, 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు ఓవెన్‌లో పెట్టారు. లీటరు నీళ్లు, ఒక కప్పు క్రీమ్ పోసి మిక్సీ పట్టారు. సూప్ వెలిసిపోయిన రంగులో, పసిపిల్లలకు తినిపించే తీపి గుజ్జులా వచ్చింది, పైగా పీచు తగులుతోంది. ఏ రకం కొనాలి, తొక్క తీయక తప్పదా, క్రీమ్ లేకుండా కుదురుతుందా, ఫ్రిజ్‌లో మిగిలిన సగం గిన్నెను ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను పదకొండేళ్లు హోటల్ వంటింట్లో పనిచేశాను. అందులో నాలుగేళ్లు సూప్‌లన్నీ నా చేతి మీదే నడిచాయి. మీరు చెప్పినదాన్ని బట్టి కాయలో లోపం లేదు, రంగును కాస్త మూసేయడం తప్ప క్రీమ్ పాపం కూడా ఏమీ లేదు. అసలు తేడా ఆ 25 నిమిషాల్లోనే వచ్చింది. మీ ముక్కలు ఓవెన్‌లో కాలలేదు, ఉడికాయి.

పచ్చి బటర్‌నట్ కండలో నూటికి దాదాపు 86 వంతులు నీరే. ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఓవెన్ ఎంత మండుతున్నా సరే. ఎర్రటి రంగు, కాల్చిన వాసన ఇచ్చే మెయిలార్డ్ చర్య జోరందుకోవాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. అంటే ముందు పైనున్న తడి ఆరాలి, రంగు వచ్చేది ఆ తర్వాతే. ట్రేలో ముక్కలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటే ఒక ముక్క వదిలిన ఆవిరి పక్కముక్కను తడిపేస్తుంది. ఇక ఎరుపెక్కేది ఎప్పుడు? మీరు చాకుతో గుచ్చి చూశారు, దిగింది, అయిపోయిందనుకుని తీసేశారు. మెత్తబడటం వేరు, కాలడం వేరు. మెత్తబడింది చాలనుకుంటే ఓవెన్ దండగ, కుక్కర్‌లో పది నిమిషాల్లో పని అయిపోతుంది.

కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను రంగు గురించి పెద్దగా చెప్పేవాణ్ని కాదు, ఎందుకంటే "బంగారు రంగు" అంటే ఒక్కొక్కరికి ఒక్కో రంగు కనిపిస్తుంది. తూకం వేయమనేవాణ్ని. ట్రేలోకి వెళ్లేముందు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి. కిలో ముక్కలు పెడితే 700 గ్రాములకు దగ్గరగా రావాలి. తొక్కతో సగాలుగా పెడితే 750 దాకా ఉన్నా ఫర్వాలేదు. ఇంకా 900 చూపిస్తోందంటే నీరు లోపలే ఉన్నట్టు. మారుమాట లేకుండా తిరిగి ఓవెన్‌లోకి నెట్టండి.

రకాల విషయానికొద్దాం. తొక్క గట్టిపడేదాకా తీగ మీదే ముదరనిచ్చి, కోసిన తర్వాత నెలల తరబడి దాచుకోగలిగే గుమ్మళ్లను ఇంగ్లీషులో వింటర్ స్క్వాష్ అంటారు. చలికాలంలో కాస్తాయని కాదు ఆ పేరు, చలికాలం దాకా నిల్వ ఉంటాయని. సూప్‌కు పనికొచ్చేవి ఈ గుంపులోవే. లేతగా కోసే జుకీనీ లాంటివి కావు. బూడిద గుమ్మడి పేరులో గుమ్మడి ఉంది గానీ అది వేరే జాతి, ఈ పనికి రాదు.

బటర్‌నట్ సాపేక్షంగా కొత్త రకం, 1940లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రూపుదిద్దుకుంది. గింజల గది చిన్నది, మెడ అంతా గట్టి కండ, పీచు తక్కువ. అందుకే సూప్ మొదటిసారి చేసేవాళ్లకు ఇదే చెబుతాను. కబోచా నా ఇష్టం. ముదురాకుపచ్చ తొక్క, లోపల నీరు తక్కువ, పిండి ఎక్కువ, ఉడికించిన చెస్ట్‌నట్ లాంటి రుచి. దీనితో చేస్తే సూప్ దానంతట అదే చిక్కగా వస్తుంది, బటర్‌నట్‌తో పోలిస్తే ఇంకో 200 మి.లీ. నీళ్లు లాగేస్తుంది. ఎకార్న్ రకం చూడటానికి ముద్దొస్తుంది గానీ సూప్‌లో పీచు పీచుగా, రుచి పల్చగా ఉంటుంది. అలంకారానికి చెక్కే పెద్ద నారింజరంగు కాయలైతే అసలు వద్దు. వాటిని సైజు కోసం పెంచుతారు, రుచి కోసం కాదు. స్పఘెట్టీ రకం నూడుల్స్‌లా విడిపోవడానికే పుట్టింది, దాన్ని మిక్సీలో వేసి మెత్తబడమంటే ఎలా?

కొనేటప్పుడు తొక్క మీద గోరు గుచ్చి చూడండి. దిగిందంటే లేతకాయ. బటర్‌నట్ అయితే మెరుపు పోయి మట్టిరంగుకు తిరిగి ఉండాలి, మెడ దగ్గర ఆకుపచ్చ చారలు ఉండకూడదు. తొడిమ ఎండి బెరడులా ఉండాలి. తొడిమ ఊడిపోయిన కాయ అక్కడినుంచే కుళ్లుతుంది, దాన్ని ముందు వాడేయండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటుంది. తీగ నుంచి కోసిన రోజున కాయ అన్నిటికన్నా రుచిగా ఉంటుందనుకుంటాం. గుమ్మడి విషయంలో అది తప్పు. కోసిన తర్వాత లోపలి పిండిపదార్థం ఎంజైముల వల్ల నెమ్మదిగా చక్కెరగా మారుతుంది. కబోచా కోసిన వెంటనే పొడిపొడిగా, రుచి లేకుండా ఉంటుంది, నెలా నెలన్నర ఆగితే అదే కాయ తేనెలా తయారవుతుంది. బటర్‌నట్ కూడా కొన్ని వారాలు ఆగితే మేలు. ఎకార్న్ మాత్రం ఎక్కువ రోజులు ఆగదు, రెండు నెలల లోపే పీచు తేలిపోతుంది. దాచేటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టకండి. 10 డిగ్రీల కన్నా తక్కువ చలిలో కండ దెబ్బతింటుంది. 10 నుంచి 13 డిగ్రీల మధ్య, గాలి ఆడే పొడి చోటు దీనికి సరిపడుతుంది. అంత చల్లటి చోటు లేకపోతే ఇంట్లో ఎండ తగలని మూల చాలు, కాకపోతే వారానికోసారి తిప్పి చూసుకోవాలి.

తొక్క తీయడం తప్పదా అన్నారు. తప్పుతుంది. నిలువుగా రెండుగా కోసి తొక్కతోనే కాల్చి, తర్వాత స్పూనుతో కండ తోడేసుకుంటే పీలర్‌తో కుస్తీ ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. పచ్చి బటర్‌నట్ తొక్క తీసినప్పుడు ఊరే జిగురు కొందరి చేతులకు పడదు. చర్మం బిగుసుకుపోయి, ఎండిన గమ్ము పూసినట్టై, తర్వాత పొరలు లేస్తుంది. మొదటిసారి నాకు అలా అయినప్పుడు గిన్నెలు తోమే సబ్బు పడలేదేమో అనుకుని రెండు వారాలు సబ్బులు మార్చాను. చేతులకు గ్లవ్స్ వేసుకుంటే చాలని తర్వాత తెలిసింది.

కోయడం జాగ్రత్త. రెండు కొసలూ తీసేసి, చదునైన వైపు కింద పెట్టి నిలబెట్టండి. దొర్లే కాయ మీద కత్తి పెట్టొద్దు. కబోచా రాయిలా ఉంటే నాలుగైదు చోట్ల కత్తిమొనతో లోతుగా పొడిచి, ఓవెన్‌లో పదిహేను నిమిషాలో, మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలో పెట్టండి. తర్వాత కత్తి సులువుగా దిగుతుంది. పొడవకుండా పెడితే లోపలి ఆవిరికి దారి లేక కాయ పగిలే ప్రమాదముంది.

ఇక అసలు పని. ఓవెన్ 210 డిగ్రీలు, ఫ్యాన్ ఉంటే 190. ముందుగా వేడెక్కనివ్వాలి, లైటు ఆరడం చూసి ఇంకో పది నిమిషాలు ఆగండి. సగాలకు కోసిన వైపంతా నూనె రాసి, ఉప్పు చల్లి, ఆ వైపు ట్రేకి తగిలేలా బోర్లించండి. కిందికి తిరిగిన గింజల గుంట ఒక చిన్న గదిలా ఉంటుంది కదా, అందులో తొక్క తీయని వెల్లుల్లి రెబ్బలు ఐదారు, ఉంటే ఒక థైమ్ రెమ్మ దాచండి. బయట పెడితే ఇరవై నిమిషాలకే మాడిపోయే వెల్లుల్లి, ఆ గుమ్మటం కింద మగ్గి పేస్టులా తయారవుతుంది.

బేకింగ్ పేపర్ నేను వేయను. కడగడం తేలికే, ఒప్పుకుంటాను. కానీ ట్రేకి అంటుకునే ఆ గోధుమరంగు జిగురే సూప్‌కు ప్రాణం, పేపర్ వేస్తే అది పేపర్‌తోపాటు చెత్తబుట్టలోకి పోతుంది.

నలభై నిమిషాలకు తొక్క వైపు నొక్కితే వేలు దిగాలి. చాలామంది ఇక్కడ ఆపేస్తారు, మీరు ఆపకండి. గరిటెతో లేపి సగాలను వెల్లకిలా తిప్పండి. ట్రేకి తగిలిన అంచులు ఎర్రబడి ఉంటాయి, గుంటలో మాత్రం నీరు చేరి ఉంటుంది. వెల్లుల్లి తీసి పక్కన పెట్టుకుని, సగాలను అలాగే తెరిచి మరో పదిహేను, ఇరవై నిమిషాలు కాల్చండి. ఆ నీరు ఇగిరిపోయి, కండ మీద సన్నటి ముడతలు పడి, అంచులు అక్కడక్కడా నల్లబడేదాకా. నల్లబడితే భయపడొద్దు. చిటికెన వేలిగోరంత మేర మాడితే రుచికి లోతొస్తుంది, అరచేయంత మాడితే చేదొస్తుంది. తేడా కళ్లకే తెలుస్తుంది.

టైం తక్కువుంటే ముక్కలుగానే చేయండి, తప్పేం లేదు. రెండున్నర సెంటీమీటర్ల ముక్కలు, 220 డిగ్రీలు, 35 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి మాత్రమే కదపాలి. అయితే ముక్కకూ ముక్కకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. ఒక ట్రేలో పట్టకపోతే రెండు ట్రేలు పెట్టండి. మీ ఫొటోలో ట్రే నిండుగా, రెండు వరసలుగా ఉంది. మీ సూప్ అక్కడే పోయింది.

ట్రే ఖాళీ అయ్యాక, అది వేడిగా ఉండగానే అర కప్పు మరిగే నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకండి. వచ్చిన మురికిరంగు నీళ్లు చూసి పారబోయకండి, సూప్ గిన్నెలోకి వంచండి.

మీరు పోసిన లీటరు నీళ్ల గురించి కూడా మాట్లాడాలి. ఉత్త నీళ్లతో చేసినా సూప్ బాగానే ఉంటుంది, కాల్చడం సరిగ్గా కుదిరితే. కానీ చేతిలో ఉన్న స్టాక్‌ను, అంటే కాయ తుక్కు మరిగించి వడకట్టిన రుచిగల నీళ్లను, వదులుకోవడమెందుకు? గింజలు, వాటి చుట్టూ ఉండే జిగురు పీచు, కోసేసిన కొసలు, ఒక ఉల్లిపాయ తొక్కలు, ఒక బిర్యానీ ఆకు, నాలుగు మిరియాలు లీటరు నీళ్లలో వేసి అరగంట సన్నమంట మీద మరిగించి వడకట్టండి. కాయ ఓవెన్‌లో ఉన్నంతలో ఇది అయిపోతుంది. గింజల గుంటలోని ఆ పీచుకు కండ కన్నా గుమ్మడి వాసన ఎక్కువ. ఇందులో ఉప్పు వేయకండి. డబ్బా స్టాక్, స్టాక్ క్యూబ్ వాడితే మాత్రం వాటిలో ఉప్పు బాగా ఉంటుందని గుర్తుంచుకుని చివర్లో తగ్గించుకోవాలి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో 30 గ్రాముల వెన్న, పెద్ద ఉల్లిపాయ ఒకటి సన్నగా తరిగింది, చిటికెడు ఉప్పు. సన్నమంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఉల్లి తొందరపడితే పచ్చివాసన సూప్ చివరిదాకా వెంటాడుతుంది. అది కరిగినట్టయ్యాక, వెన్నలో మసాలా ఏదైనా వేయాలనుకుంటే ఇప్పుడే వేసి అర నిమిషం వేగనివ్వండి. తోడిన గుజ్జు, పిండిన వెల్లుల్లి, ట్రే గీకిన నీళ్లు, 500 మి.లీ. వేడి స్టాక్ పోసి పది నిమిషాలు చిన్నగా మరగనివ్వండి. ఒకటిన్నర కిలోల కాయకు గుజ్జు 850 గ్రాముల దగ్గర వస్తుంది, దానికి మొత్తం మీద 600 నుంచి 700 మి.లీ. ద్రవం సరిపోతుంది. లీటరంతా ఒకేసారి పోస్తే వెనక్కి తీయలేం. పల్చన చేయడం క్షణం పని, చిక్కన చేయాలంటే గంట పడుతుంది.

మసాలాల్లో నాదొక చాదస్తం. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ మూడూ కలిపి పడ్డాయంటే అది సూప్ కాదు, భోజనం తర్వాత తినే తీపి పదార్థం. అసలే తియ్యటి కాయ. నేనైతే జీలకర్ర, మిరియాలు, లేదా వెన్నలో వేయించిన సేజ్ ఆకు, వీటిలో ఒక దారి మాత్రమే ఎంచుకుంటాను. అల్లం కావాలంటే ఉల్లిపాయతోపాటే వేయండి.

మిక్సీ పట్టడంలో రెండు సంగతులు. మొదటిది మెత్తదనం. గుజ్జును పల్చన చేసి కాకుండా చిక్కగా ఉండగానే తిప్పాలి. నీళ్లు ఎక్కువైతే ముక్కలు బ్లేడుకు దొరక్కుండా ఈదుతాయి. ద్రవం సగం పక్కన పెట్టి, గుజ్జును రెండు మూడు నిమిషాలు ఆపకుండా తిప్పండి, తర్వాతే మిగతాది పోస్తూ పల్చన చేయండి. మీకు తగిలిన పీచుకు ఇది చాలావరకు మందు. అప్పటికీ తగులుతుంటే జల్లెడ మీద వేసి గరిటె వీపుతో రుద్దండి, ఐదు నిమిషాల పని. హ్యాండ్ బ్లెండర్‌తో సూప్ తయారవుతుంది గానీ పట్టులా రాదు.

రెండోది ప్రాణభయం, నిజంగానే. మరుగుతున్న సూప్‌ను జార్ నిండా పోసి మూత బిగించి స్విచ్ నొక్కితే, లోపల ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూతను ఎగరగొడుతుంది. వంటింట్లో చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం నేనదే చేశాను. మూత ఎగిరి సీలింగ్‌కు తగిలింది, నారింజ గుజ్జు నా మోచేతి మీద పడింది. గుమ్మడి గుజ్జు నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. జార్ సగానికి మించి నింపొద్దు. మూత మధ్యలో ఉండే చిన్న బిరడా తీసేసి, మడతపెట్టిన గుడ్డ కప్పి, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. బిరడా లేని చిన్న జార్ అయితే సూప్ గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాల్సిందే.

ఇప్పుడు మీరు "పసిపిల్లల గుజ్జు" అన్న విషయం. అది తీపి ఎక్కువవడం వల్ల కాదు, తీపికి ఎదురు లేకపోవడం వల్ల. ఎదురు నిలబడేవి రెండు, ఉప్పు, పులుపు.

ఉప్పును నేను తూకంతోనే వేస్తాను. పూర్తయిన సూప్ బరువులో 0.8 నుంచి 0.9 శాతం చాలామంది నాలుకకు సరిపోతుంది. మీ గిన్నె 1.7 కిలోలుంటే మొత్తం ఉప్పు 14, 15 గ్రాములు, అంటే సన్న ఉప్పు రెండున్నర టీస్పూన్లు. ట్రేలో చల్లింది, ఉల్లిలో వేసింది ఇందులో లెక్క. ముందు 10 గ్రాములతో ఆగి, కొంచెం కొంచెంగా పెంచుతూ రుచి చూడండి. ఒక దశలో సూప్ ఉప్పగా అనిపించకుండానే గుమ్మడి రుచి ఒక్కసారి పైకి లేచినట్టు తెలుస్తుంది. అక్కడ చెయ్యి ఆపాలి.

పులుపు మంట ఆర్పాకే. ఒక టీస్పూను యాపిల్ సైడర్ వెనిగర్‌తో మొదలుపెట్టి, ఈ గిన్నెకు మూడు టీస్పూన్ల దాకా వెళ్లొచ్చు. నిమ్మరసమైనా సరే. పుల్లటి పచ్చ యాపిల్ ఒకటి చెక్కి ఉల్లిపాయతోపాటు మగ్గించడం ఇంకో పద్ధతి, అందులో పులుపు మెత్తగా వస్తుంది. మా దగ్గర సూప్ వెనక్కి వచ్చిన రోజుల్లో పదింట తొమ్మిదిసార్లు నేను చేసిన మరమ్మతు ఒక చెంచా వెనిగరే, మరేమీ కాదు. నమ్మకం లేకపోతే ఒక చిన్న కప్పులో సూప్ తీసి రెండు చుక్కలు వేసి, గిన్నెలోదీ కప్పులోదీ పక్కపక్కన రుచి చూడండి.

క్రీమ్ తప్పనిసరి కాదు. క్రీమ్ నోటికి మెత్తదనం ఇస్తుంది, బదులుగా రంగునూ కాల్చిన వాసననూ మూసేస్తుంది. మీ సూప్ వెలిసిపోవడానికి సగం కారణం ఆ కప్పు క్రీమే. బాగా కాల్చిన కాయకు చివర్లో మిక్సీ తిరుగుతుండగా 30 గ్రాముల చల్లటి వెన్న వేస్తే అదే మెత్తదనం వస్తుంది, రుచి దాక్కోదు. కొవ్వు అసలు లేకుండా మాత్రం చేయకండి. కాయకు ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం, కాస్త కొవ్వు తోడుంటేనే ఒంటికి పడుతుంది. క్రీమ్ కావాలనుకుంటే 60, 70 మి.లీ. చాలు, కొవ్వు ఎక్కువున్నది, మరిగించకుండా. క్రీమ్‌కు బదులు పాలు పోసి, మీదట పులుపు వేస్తే విరుగుతాయి. పాల పదార్థాలు పడనివాళ్లు కొబ్బరిపాలు పోయొచ్చు, లేదా నానబెట్టిన జీడిపప్పు గుప్పెడు కలిపి తిప్పొచ్చు.

చేదు విషయం చెప్పకుండా వదల్లేను. కాల్చిన కండ ఏ కాయదైనా సరే, గిన్నెలో వేసేముందు చిటికెడు నోట్లో వేసుకోండి. గట్టి చేదు తగిలితే ఉమ్మేసి మొత్తం పారేయండి. మాడు చేదు కాదు నేను చెప్పేది, కాకరను మించిన చేదు. అది కుకుర్బిటాసిన్ అనే పదార్థం, ఉడికించినా కాల్చినా పోదు. వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది, ఎక్కువ తింటే ఆసుపత్రి పాలు చేస్తుంది. అడవి గుమ్మళ్లన్నీ ఇలా చేదువే. మెక్సికోలోని ఓహాకా ప్రాంతపు గుహలో దొరికిన సాగు గుమ్మడి గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. మనిషి తరతరాలుగా చేదు లేని కాయల గింజలే ఏరి నాటుకుంటూ వస్తే ఇవాళ్టి తియ్యటి కండ తయారైంది. ఆ పాత గుణం పూర్తిగా పోలేదు. పెరట్లో సొంతంగా దాచిన గింజలతో పెంచేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పక్కన అలంకారపు గుమ్మడి తీగ ఉండి పుప్పొడి కలిస్తే, ఈ ఏడాది కాయలో ఏమీ తెలియదు, దాని గింజ నాటిన మరుసటి పంటలో చేదు బయటపడుతుంది. కొన్న కాయల్లో ఇది చాలా అరుదు. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారే తగిలింది, ఒకరి తోటలోంచి వచ్చిన కాయలో.

నిల్వకు వస్తే, సూప్‌ను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌కు చేర్చాలి. లోతైన గిన్నెలో అలాగే పెడితే మధ్యలో గంటల తరబడి వెచ్చగా ఉంటుంది, వెడల్పు పాత్రల్లోకి పంచండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు. ఫ్రీజర్ కోసమైతే క్రీమ్, పులుపు వేయకుండా దాచి, వేడి చేసినప్పుడు వేసుకోండి. గాజు సీసాల్లో పోసి మూత బిగించి మరిగించి బయట దాచే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. గుమ్మడి గుజ్జులో పులుపు తక్కువ, చిక్కదనం ఎక్కువ. సీసా మధ్యలోకి వేడి సరిగ్గా చేరదు, బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే క్రిములు బతికిపోతాయి. ఇంట్లో ప్రెషర్ క్యానర్ (సీసాలను ఆవిరి ఒత్తిడిలో ఉడికించే పెద్ద కుక్కర్) ఉన్నా గుజ్జుకు నమ్మదగ్గ పద్ధతి లేదు.

ఇక ఫ్రిజ్‌లో ఉన్న మీ సగం గిన్నె. నిన్నటిదే కాబట్టి పనికొస్తుంది. అందులో కాల్చిన రుచి లేదు, నీరు ఎక్కువుంది, రెండూ సరిచేయొచ్చు. సూప్‌ను మరిగించి ఇగర్చడానికి ప్రయత్నించకండి, క్రీమ్ ఉంది కాబట్టి అడుగంటుతుంది, విరగనూవచ్చు. బదులుగా ఇంకో చిన్న కాయ, అర కిలోది చాలు, పైన చెప్పినట్టు తూకం తగ్గేదాకా బాగా కాల్చండి, ఈసారి అంచులు కాస్త ఎక్కువే నల్లబడనివ్వండి. గిన్నెలో వెన్న కరిగించి ఒక చెంచా టమాటా పేస్ట్ వేసి, అది ఇటుకరంగుకు తిరిగేదాకా వేయించండి. కాల్చిన గుజ్జు అందులో కలిపి, పాత సూప్‌ను గరిటె గరిటెగా పోస్తూ మీకు కావలసిన చిక్కదనం రాగానే ఆపండి. పాతదంతా పట్టకపోవచ్చు, మిగిలితే మిగలనివ్వండి. మిక్సీ పట్టి, ఆవిరి బాగా వచ్చేదాకా వేడిచేసి, మంట ఆర్పాక ఉప్పు, వెనిగర్ చూసుకోండి. ఆ చిన్న కాయ గింజలను కడిగి, ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉడికించి, తుడిచి ఆరబెట్టి, 160 డిగ్రీల దగ్గర చిటపటలాడేదాకా కాల్చి పైన చల్లండి. రంగు ఎలా వచ్చిందో ఫొటో పెట్టండి, ట్రే ఫొటో కూడా.